రేపల్లెలో నేను ఖాళీ చేయించిన గది

నా ఫోటోలన్నీ కలిపి ఒక పుస్తకంగా వేద్దామని పోయిన వేసవిలో ఒకావిడ గుంటూరులో మా ఇంటికి వచ్చింది. భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని మూడు రోజులు కూర్చుంది. నలభై ఏళ్ళకు పైగా నేను తీసినవన్నీ కట్టడాలే. మండువా ఇళ్ళు, మసీదులు, చర్చిలు, పాత బడులు, మూతబడ్డ బియ్యం మిల్లులు, కాలవల మీద లాకులు. వాటి గురించి పత్రికలకు రాసిన వ్యాసాలు. ఎక్కడా మనిషి కనపడడు. "మీ ఫోటోల్లో ఒక నిశ్శబ్దం ఉంటుందండి మేడమ్" అందావిడ. ఆ మాట ఇదివరకు చాలామంది అన్నారు. అన్నప్పుడల్లా చిన్నగా నవ్వి ఊరుకున్నాను. రెండో రోజు, కొల్లిపరలో తీసిన ఒక పెంకుటింటి ఫోటో తెర మీద పెట్టి, "ఇదొక్కటే అడ్డంగా ఉందండీ" అంటూ వాకిట్లో కట్టిన దండెం మీద వేలు గీసింది. దండెం పోయింది. దాని మీద ఆరేసిన చీరా పోయింది. అక్కడ ఎప్పుడూ ఏమీ లేనట్టు వెనక గోడ నున్నగా తేలింది. "చూశారా, ఎంత బాగుందో!" అంది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి చాలాసేపటికి గానీ ఇవతలికి రాలేదు. మూడో రోజు ఆవిడ పుస్తకంలో మొదటి ఫోటోగా రేపల్లె గదిని ఎంచింది. "పంతొమ్మిదేళ్ళకే ఇలాంటి ఫోటో తీశారా! దీని వెనక కథేదో ఒక పేజీ రాసివ్వండి" అని అడిగింది. రాస్తానన్నాను. అది ఒక పేజీలో ఇమిడేది కాదని ఆవిడకు చెప్పలేదు.

తెనాలిలో మా ఇల్లూ, మా నాన్న ఫోటో స్టూడియో ఒకటే. వీధి గది స్టూడియో. దాని వెనక కిటికీకి తారు కాగితం అంటించిన చీకటి గది. ఆ వెనక వంటిల్లు, పెరట్లో బావి. నాన్న పేరు కరీముల్లా. ఊళ్ళో అందరికీ కరీం సాయిబుగారు. ఇంట్లో ఉర్దూ, కొట్లో తెలుగు మా అలవాటు గానీ, ఆయన్ని నేను రెండు చోట్లా నాన్నా అనే పిలిచేదాన్ని. ఆయన చేతులు ఎప్పుడూ ఫోటోలు కడిగే మందు వాసన వేసేవి. అన్నానికి కూర్చునే ముందు చింతపండు పులుసు చేతులకు పట్టించి, బావి దగ్గర గోళ్ళ సందుల దాకా రుద్దుకునేవాడు. అయినా ఆ వాసన పూర్తిగా పోయేది కాదు. చిన్నప్పుడు నాకు గోరుముద్దలు తినిపించింది ఆయనే. ఇప్పటికీ పప్పన్నంలో నెయ్యి వేసుకుంటే, లేని ఆ మందు వాసన కోసం నా ముక్కు వెతుకుతుంది. ఎండాకాలం వస్తే నీళ్ళు కాగిపోయి ఫోటోలు పాడయ్యేవి. పొద్దున్నే వెళ్ళి, రంపప్పొట్టులో చుట్టిన ఐసుగడ్డ గోనెసంచిలో వేసుకుని తెచ్చి, మందు తొట్టెల చుట్టూ ముక్కలు పేర్చేవాళ్ళం. మిగిలిన ముక్కతో అమ్మ నన్నారి షర్బత్ చేసేది. కడిగిన ఫోటోలను వంటింట్లో బట్టల దండేనికే క్లిప్పులు పెట్టి వేలాడదీసేవాళ్ళం. "ఎవరెవరి మొహాలో నా కూరలో కారుతున్నాయి" అని అమ్మ రోజూ సణిగేది. తను సణిగిన మొహాల్లో నచ్చినవి ఉంటే మాత్రం, పొయ్యి దగ్గర నుంచే వాళ్ళ ఊరూ పేరూ అడిగి తెలుసుకునేది.

నాన్నకు ఒక పట్టుదల ఉండేది. ఫోటోని దిద్దేవాడు కాదు. మిగతా స్టూడియోల వాళ్ళు సన్నటి పెన్సిల్‌తో నెగెటివ్ మీద గీసి మొటిమలు, మచ్చలు మాయం చేసేవాళ్ళు. నందివెలుగు నుంచి ఒకసారి ఒక పెద్దమనిషి, పెళ్ళిచూపులకు పంపే ఫోటోలో తన కూతురి చెంప మీద పుట్టుమచ్చ తీసేయమని పట్టుబట్టాడు. నాన్న చేతులు కట్టుకుని, "రేపు పెళ్ళికొడుకు వచ్చి, ఈ మచ్చ ఎక్కడిది సాయిబుగారూ, ఫోటోలో లేదే అంటే నేనేం చెప్పేదండీ?" అన్నాడు. ఆ పెద్దమనిషి కోపంగా లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ నెలకి ఆయనే, ఇద్దరు అల్లుళ్ళను వెంటబెట్టుకుని ఫోటో దిగడానికి మా కొట్టుకే వచ్చాడు. ఆ పేరు వల్లే, గోడ తగాదాలూ సరిహద్దు తగాదాలూ వస్తే ప్లీడర్లు నాన్నను పిలిచేవాళ్ళు. కరీం సాయిబు తీశాడంటే ఉన్నది ఉన్నట్టు తీశాడని అర్థం. "ఫోటో అంటే సాక్ష్యం రా షమీమ్. మనం సాక్షులం. అంతే" అనేవాడు నాతో.

నా చేతికి కెమెరా వచ్చింది కూడా అవసరం కొద్దే. మా వాళ్ళ ఇళ్ళలో పెళ్ళికూతుర్ని తీయాలంటే మగవాడు లోపలికి వెళ్ళడానికి లేదు. అందుకని పద్నాలుగో ఏట నుంచే నాన్న నాకు రెండు కటకాల కెమెరా మెడకు తగిలించి లోపలికి పంపేవాడు. ఆయన అరుగు మీద కూర్చుని టీ తాగుతుంటే, నేను అరవై డెబ్భై ఏళ్ళ నాటి ఇళ్ళ లోపలి గదుల్లో తిరిగేదాన్ని. పెళ్ళికూతుళ్ళు అందరూ ఒకేలా తల దించుకుని కూర్చునేవాళ్ళు. నా కళ్ళు వాళ్ళ వెనక గోడల మీదికి పోయేవి. గవాక్షంలోంచి పడే వెలుతురు, సున్నం నునుపు, గూళ్ళ పైన తోరణంలా తిరిగిన గచ్చుపని. జనం భోజనాలకు వెళ్ళాక ఖాళీ గదిని ఒకటి తీసుకునేదాన్ని. నాన్న అవి చూసి మొదట నవ్వాడు. తర్వాత నవ్వడం మానేసి, వెలుతురు ఎక్కడ నుంచి వచ్చింది, కెమెరా కన్ను తెరిచి ఎన్ని అంకెలు లెక్కబెట్టావు అని అడగడం మొదలుపెట్టాడు. ఆయన అలా అడుగుతున్నప్పుడు నాకు ఒళ్ళంతా గర్వంగా ఉండేది. ఆ గర్వం సంగతి ముందే చెప్పాలి. తర్వాత జరిగిన దానికంతటికీ అదే మూలం.

నాకు పంతొమ్మిదో ఏడు నడుస్తుండగా రేపల్లె నుంచి సత్తార్ సాయిబు అనే తవుడు వ్యాపారి మా కొట్టుకు వచ్చాడు. అత్తరు పూసుకున్న మనిషి, మాట నెమ్మది. "మా అన్న పోయి మూడు నెలలైంది భాయ్. ఇంటికి మరమ్మతులు పెట్టుకున్నాం. ఇంజనీరుకి చూపించాలి, లోపలి గదుల ఫోటోలు కావాలి. వెనక భాగంలో మా వదిన ఇద్దత్‌లో ఉంది. పరాయి మగవాళ్ళు పోవడానికి లేదు కదా. మీ అమ్మాయి తీస్తుందని విన్నాను" అన్నాడు. భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు గడప దాటకుండా, పరాయి వాళ్ళ కంట పడకుండా ఉంటుంది. అందులో అనుమానించడానికి ఏమీ లేదు. మర్నాడు పొద్దున రేపల్లె పాసింజరు ఎక్కాం. వేమూరు, భట్టిప్రోలు దాటుతుంటే కిటికీలోంచి పసుపు ఉడకేసే వాసన వచ్చింది. నాన్న నాకు పల్లీలు కొనిపెట్టాడు.

ఆ ఇల్లు వీధి నుంచి వీధికి ఉంది. ముందు భాగంలో సత్తార్ కుటుంబం. నడిమి వాకిలి దాటితే వెనక భాగం: ఒక పెద్ద గది, వసారా, బావి, వెనక సందులోకి ఒక తలుపు. నాన్న ముందు వసారాలో ఆగిపోయాడు. వెనక గదిలో సత్తార్ వదిన జులేఖా ఖాలా ఒక్కతే ఉంది. ఖాలా అంటే పిన్ని. నలభై ఏళ్ళుంటాయి. పిల్లలు లేరు. తెల్ల చీర, చేతులకు గాజుల్లేవు. మూడు నెలలుగా ఎవరూ రాని ఇంటికి ఒక ఆడపిల్ల వచ్చిందని ఆమె మొహం విప్పారింది. "రా బేటీ, ముందు టీ తాగు" అంది. మేం మాట్లాడుకున్నది ఉర్దూలోనే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఆ గదిలోనే ఆమె వంట, పడక, నమాజు అన్నీ. ఒక మూల కిరసనాయిలు పొయ్యి, దాని పైన గోడ అంతా మసి. బానలు, జల్లెడ, దండెం మీద తువ్వాలు, మంచం కింద చేపలు కోసే కత్తిపీట. టీ ఇస్తూ, "ఈ గది మీ ఖాలూ కట్టించాడు. కిటికీ ఇంత పెద్దది ఎందుకయ్యా అంటే, నీకు చేపల్లో ముల్లు కనపడాలి కదా అన్నాడు" అని పోయిన భర్త గురించి చెప్పింది. ఆ కిటికీలోంచి పడుతున్న వెలుతురు నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు. నేల మీద పడి, గోడకెక్కి, పైకప్పు దూలాల దాకా మెల్లగా పాకుతోంది. కెమెరాలోకి చూస్తే మాత్రం బానలు అడ్డం, పొయ్యి అడ్డం, తువ్వాలు అడ్డం.

"ఖాలా, ఇవన్నీ కాస్త తీసేద్దామా?" అన్నాను.

"పొయ్యి కూడానా? ఎందుకమ్మా?"

"ఫోటో శుభ్రంగా వస్తుంది. గది అందంగా కనపడుతుంది."

ఆమె పొయ్యి వైపు చూసింది. తర్వాత, "నీకు తెలుస్తుందిలే, చదువుకున్న పిల్లవి" అని, తనే వంగి పొయ్యి ఎత్తింది. కిరసనాయిలు చీర మీద చిందింది. నేను బానలు పట్టుకున్నాను. ఇద్దరం కలిసి మంచం కూడా వసారాలోకి జరిపాం. మసి పట్టిన మూల ఫ్రేములోకి రాకుండా నేను రెండడుగులు పక్కకు జరిగాను. ఆమె గుమ్మం అవతల నిలబడి, నేను ఒకటి, రెండు, మూడు లెక్కబెడుతుంటే నోరు మెదపకుండా తనూ లెక్కబెట్టింది. అయ్యాక, "బాగా వచ్చిందా?" అని అడిగింది. "చాలా బాగా వచ్చింది ఖాలా" అన్నాను. సామాను లోపల పెట్టడానికి సాయం కూడా చేయలేదు. నాన్న అరుగు మీంచి రైలు టైమైందని పిలిచాడు.

ఆ రాత్రి మందు తొట్టెలో ఆ గది తేలుతుంటే నాన్న ఎర్ర దీపం కింద వంగి, కాగితం అంచు పట్టుకుని ఎత్తి చూశాడు. "నేను ముప్పై ఏళ్ళుగా తీస్తున్నాను. ఇలాంటిది ఒక్కటి తీయలేదు రా" అన్నాడు. ఒకటి సత్తార్‌కు ఇచ్చి, ఇంకొకటి పెద్ద సైజులో వేసి కొట్టు అద్దాల బీరువాలో, పెళ్ళిజంటల నడుమ పెట్టాడు. దారిన పోయేవాళ్ళు ఆగి, ఖాళీ గదిలో ఏముందని చూసేవాళ్ళు. నేను లోపల నుంచి వాళ్ళను చూసేదాన్ని.

మూడు వారాల తర్వాత ఒక పొద్దున నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని టోపీ దులుపుకుంటున్నాడు. ఎక్కడికని అమ్మ అడిగితే చెప్పాడు. రేపల్లెలో సత్తార్ ఇంటి విషయం పెద్దమనుషుల్లో పెట్టారు. వెనక భాగం తన భర్తకు నోటిమాటగా పంచి ఇచ్చారని, తాము వేరు కాపురం పెట్టి అక్కడే ఉన్నామని వదిన అంటోంది. పంపకమే జరగలేదు, ఆ గది సరుకు వేసుకునే కొట్టు, అన్న పోయాకనే ఆమె అందులోకి చేరింది, ఇప్పటికీ వండుకునేదీ తినేదీ మా పొయ్యి మీదేనని సత్తార్ అంటున్నాడు. కాగితాలు లేవు. ఉన్నదల్లా ఆ ఖాళీ గది ఫోటో. "దిద్దింది కాదని నన్ను ఒక మాట చెప్పమన్నారు. చెప్పి సాయంత్రానికి వచ్చేస్తా" అన్నాడు నాన్న.

నేను ఇడ్లీ ప్లేటు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. నాకు అర్థం కాలేదని అనలేను. ఆ క్షణంలోనే అంతా అర్థమైంది. కిరసనాయిలు చిందిన చీర కళ్ళ ముందు కనపడింది. "నాన్నా" అన్నాను. ఆయన తిరిగి చూశాడు. ఆ చూపులో అంత సంతోషం ఉంది. కూతురు తీసిన ఫోటో గురించి నలుగురిలో చెప్పబోతున్న తండ్రి చూపు అది. "త్వరగా రా" అన్నాను. అంతే అన్నాను. ఆయన వెళ్ళి చెప్పాడు: "మా అమ్మాయి తీసింది. మా కొట్లో దిద్దడం ఉండదు. ఉన్నదే వస్తుంది." చెప్పి, రైలు దొరకదని అప్పుడే లేచి వచ్చేశాడు. ఇద్దత్‌లో ఉన్న మనిషిని పిలవకూడదని జులేఖా ఖాలాను ఎవరూ పిలవలేదు. గది సత్తార్‌దేనని తేల్చి, ఆమెకు రావలసిన భాగం సంగతి తర్వాత చూద్దామన్నారట. ఆ తర్వాత అనేది రాలేదు.

నెల రోజులు గడిచాక ఒక మధ్యాహ్నం, నిజాంపట్నం వైపు నుంచి ఎండుచేపలు తెచ్చి తెనాలిలో అమ్ముకునే వీరమ్మ అనే ఆవిడ మా కొట్టు మెట్ల మీద గంప దించింది. చేపలమ్మడానికేమో అనుకున్నాను. అద్దాల బీరువా వైపు చూసి, ఆ ఫోటో మీద వేలు పెట్టి, "ఈ పటం తీసింది నువ్వేనా పాపా?" అంది.

"అవునండి."

"మరి పొయ్యేదీ?"

నాన్న లోపల నుంచి వచ్చాడు. వీరమ్మ ఆయన వైపు తిరిగింది. "సాయిబుగారూ, పన్నెండేళ్ళుగా ఆ గదిలో ఆ తల్లి పొయ్యి ముందు కూకుని చేపలు తూచానండి నేను. ఆ కిటికీ కాడ కూకుని తను ముల్లు తీసేది, నేను వక్కాకు నమిలేదాన్ని. ఆ పంచాయితీ రోజు అరుగు కాడికి పోయి ఇదే మాట చెప్పబోతే, చేపలదానివి నీకెందుకని గెంటేశారండి. పటం అబద్ధం చెప్తదా అన్నారు. చెప్తదాండీ?"

నాన్న నావైపు చూశాడు. "షమీమ్, ఆ గదిలో పొయ్యి ఉందా?"

"ఉంది నాన్నా."

"ఎవరు తీశారు?"

"నేను తీయించాను. ఫోటో కోసం."

"నేను రేపల్లె వెళ్ళేటప్పుడు నీకు తెలుసా?"

"తెలుసు."

వీరమ్మ గంప ఎత్తుకుని తలకు పెట్టుకుంది. ఇద్దరిలో ఎవరినీ తిట్టలేదు. "గడువు తీరిన మర్నాడే ఆ తల్లి బాపట్ల వాళ్ళన్న ఇంటికెళ్ళిపోయిందండి. సందు తలుపు కాడ గోడ కట్టేశారు" అని చెప్పి మెట్లు దిగింది. నాన్న చాలాసేపు బల్ల మీద కూర్చున్నాడు. ఆయన అరిస్తే బాగుండునని నాకు అనిపించింది. మర్నాడు తొలి రైలుకు రేపల్లె వెళ్ళి, దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చి, బావి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ అమ్మకు చెప్పాడు. పెద్దమనుషులు అయిపోయిన తీర్పును తిరగదోడేది లేదన్నారు. సత్తార్ మాత్రం నవ్వుతూ, "భాయ్, అప్పుడు చెప్పింది నిజమా, ఇప్పుడు చెప్పేది నిజమా? మీరే తేల్చుకుని రండి" అన్నాడట. అరవై ఊళ్ళకు తెలిసిన ఆయన మాటను అంత తేలిగ్గా తీసిపారేశారు. నేను పక్కనే తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. ఆయన తువ్వాలు అందుకుని, "నువ్వు నాతో అబద్ధం ఆడలేదు. నేనే అడగలేదు. ఫోటో బాగుందని అడగడం మర్చిపోయాను" అన్నాడు. ఆ తర్వాత ప్లీడర్లు ఎంతమంది వచ్చినా తగాదా ఫోటోలు తీయలేదు. బీరువాలో ఆ ఫోటో తీసేసి, ఆ చోటును ఖాళీగా వదిలేశాడు.

ఆ శుక్రవారం నమాజు అయ్యాక నాన్న, నేను బాపట్ల వెళ్ళాం. జులేఖా ఖాలా అన్న టైలరు. రెండు గదుల ఇల్లు, వీధి వైపు కుట్టు మిషను. ఆయన మసీదు నుంచి ఇంకా రాలేదు. నాన్న అరుగు మీద కూర్చున్నాడు. ఖాలా వంటింట్లో బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఆమె వదిన నీళ్ళకు వెళ్ళింది. నేను ఆమె ముందు నేల మీద కూర్చుని ఏడ్చాను. ఆమె ఏరుతూనే ఉంది. నా ఏడుపు ఆగాక అంది: "నీ మీద నాకు కోపం లేదు బేటీ. నువ్వు అడిగావు, అంతే. ఎత్తింది నేను. మా ఆయన చేత్తో తెచ్చిపెట్టిన పొయ్యిని నా చేతుల్తో నేనే బయట పెట్టాను. కోపమంతా ఈ చేతుల మీదే."

జరిగింది వాళ్ళ అన్నకు చెప్తానన్నాను. అప్పుడు మాత్రం ఆమె చేట పక్కన పెట్టి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "వద్దు. మా అన్నకి కోపం వస్తే మనిషి కాదు. రేపల్లె పోయి సత్తార్ మీద చెయ్యి చేసుకుంటాడు. ఈ ఇంటికి సంపాదన ఆయనొక్కడిదే. మా ఆయన లేని ఇంట్లో ఉండలేక నేనే వచ్చేశానని చెప్పాను. మీరూ అదే మాట మీద ఉండండి" అంది. అరుగు మీంచి లేచి వచ్చి తలుపు అవతల నిలబడ్డ నాన్న, "అలాగేనమ్మా" అన్నాడు. నాకు ఆ మాటతో ఊపిరి వచ్చినట్టయింది. ఎవరికీ చెప్పనవసరం లేదు. చెప్పకుండా ఉండటమే ఆమెకు మేలు చేయడం. ఇంత సుఖమైన శిక్ష ఎవరికి పడుతుంది?

నాన్న బతికున్నన్నాళ్ళూ ఏడాదికోసారి బాపట్ల వెళ్ళి వాళ్ళ అరుగు మీద కాసేపు కూర్చుని వచ్చేవాడు. నేను ఒక్కసారి కూడా వెళ్ళలేదు. రెండేళ్ళకు ఇల్లు వదిలి హైదరాబాదు పోయేటప్పుడు, బట్టల మధ్య ఆ ఫోటో పెట్టుకున్నాను. చూపించడానికి నా దగ్గర అంతకంటే మంచిది లేదు. ఒక వారపత్రిక సంపాదకుడు అది చూసి, "మనిషి లేకుండా ఇంటిని ఇలా మాట్లాడించినవాళ్ళు లేరమ్మా" అని నాకు మొదటి పని ఇచ్చాడు. అలా మొదలైంది. తర్వాత నేను వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ వాళ్ళంతట వాళ్ళే సామాను తీసేవాళ్ళు. మంచాలు, మందు సీసాలు, చీపుర్లు, పసిపిల్లల ఉయ్యాలలు. ఎండలో పోసిన ఆ సామాను పక్కన ఇంటివాళ్ళు నిలబడి, లోపల నేను పని ముగించేదాకా ఎదురుచూసేవాళ్ళు. అప్పట్లో అంతమంది వంగి ఎత్తాల్సి వచ్చేది. ఎత్తుతున్నవాళ్ళ మొహం నాకు కనపడేది. ఇప్పుడు ఒక వేలు చాలు. తీసేయబడ్డవాళ్ళకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు. ఏది నయమో నేను తేల్చుకోలేకపోతున్నాను. వంగి ఎత్తిన చేతుల్ని చూసి కూడా నేను ఆగలేదు కదా.

పుస్తకం ఆవిడ వెళ్ళిపోయిన వారానికి బాపట్ల రైలెక్కాను. ఆ టైలరు ఇల్లు ఇప్పుడు పైన ఒక అంతస్తుతో ఉంది. కింద ముందుగదిలో ఆయన కూతురు తస్లీమ్ కుట్టు మిషన్లు పెట్టి జాకెట్లు కుడుతోంది. యాభై దాటాయి. నా పేరు చెప్పగానే లేచి నిలబడింది. "మీరాండీ! మా ఫుప్పు మీ వ్యాసాలు పేపర్లో వచ్చినప్పుడల్లా నాతో చదివించుకునేదండి. ఈ పిల్ల నాకు తెలుసు, మా రేపల్లె ఇంటికొచ్చింది, చాలా తెలివిగలదని చెప్పేది" అంది. ఫుప్పు అంటే మేనత్త, జులేఖా ఖాలా. ఆమె పోయి పదేళ్ళు దాటింది. తస్లీమ్ నాకు కుర్చీ వేసి, కూల్‌డ్రింకు తెప్పించి, అడగకుండానే చెప్పడం మొదలుపెట్టింది. "మా ఫుప్పు చాలా మంచిదండి, కానీ ఒక్క తప్పు చేసింది. అంత ఇల్లు వదిలేసి చేతులూపుకుంటూ వచ్చేసింది. మా అమ్మ దాని మీదే దెప్పేది. అన్నం పెట్టిన ప్రతిసారీ అనేది. ఉన్న ఇల్లు మరిదికి దానం చేసి, మా ముగ్గురు పిల్లల అన్నంలోకి వచ్చావు అని. ముప్పై ఏళ్ళండి. ఫుప్పు ఒక్కసారి కూడా ఎదురు మాట్లాడలేదు. చిన్నప్పుడు నాకూ అనిపించేది, ఈవిడకి ఎంత పొగరు, ఇల్లే అక్కర్లేదనుకుంది అని."

నేను కూల్‌డ్రింకు కింద పెట్టాను. చెప్పాను. సత్తార్ రావడం నుంచి వీరమ్మ గంప దించడం దాకా, నాన్న చొక్కా వేసుకున్న పొద్దున కూడా దాచకుండా చెప్పాను. ఎవరికీ చెప్పవద్దన్న మాట కూడా చెప్పాను. మిషను కింద తస్లీమ్ కాలు ఆగిపోయింది. అంతా అయ్యాక అడిగింది:

"మా నాన్న పోయి ఎన్నేళ్ళైందో తెలుసా అండి మీకు?"

"తెలియదమ్మా."

"ఇరవై మూడేళ్ళు. కొట్లాటకి పోయే మనిషి ఇరవై మూడేళ్ళ కిందటే పోయాడు. ఆ తర్వాత ఇంకెవరి గురించి దాచారండి? అప్పటికీ మా ఫుప్పు ఉంది. మా అమ్మ దెప్పుతూనే ఉంది. ఒక్క ఉత్తరం ముక్క రాసినా సరిపోయేది కదా."

ఆయన పోయిన సంగతి నాకు తెలియదన్నది నిజమే. తెలుసుకోలేదన్నది అంతకంటే నిజం.

"మా అమ్మ పోయిన రంజాన్ ముందు పోయింది. చివర్లో కూడా అదే మాట. మీ ఫుప్పు ఆ ఇల్లు వదలకుండా ఉంటే మన బతుకు ఇంకోలా ఉండేదని. ఆ మాట మనసులో పెట్టుకునే పోయింది. ఇప్పుడు చెప్తున్నారు మీరు." గొంతు పెంచలేదు. లేచి, బల్ల మీది ఫోను తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళింది. తలుపు వేసుకోలేదు. గుంతకల్లులో రైల్వేలో చేసే అన్నకు ఫోను చేసిందని మాటల్ని బట్టి తెలిసింది. ఉర్దూలో, నెమ్మదిగా, తెగిన దారం మళ్ళీ సూదిలోకి ఎక్కిస్తున్నంత జాగ్రత్తగా చెబుతోంది.

"భాయ్, మన ఫుప్పు ఆ ఇల్లు వదిలి రాలేదంట. వెళ్ళగొట్టారంట... అవును. ఆ గదిలో ఎవరూ ఉండటం లేదని ఫోటో చూపించారంట... ఎవరో ఒక అమ్మాయి తీసిందంట. పొయ్యి, మంచం అన్నీ బయట పెట్టించి తీసిందంట. తర్వాత తెలిసి కూడా చెప్పలేదంట." కాసేపు అవతలి మనిషి ఏదో అడిగాడు. ఆమె ఒకసారి గుమ్మం లోంచి నావైపు తొంగి చూసింది. "లేదు, బతికే ఉంది. ఇక్కడే ఉంది. మన ముందుగదిలో కూర్చుంది. ముసలావిడ."

అరవై ఏళ్ళు దాటిన నా బతుకులో ఆ పనిని నా నోటితో కాక వేరొకరి నోట వినడం అదే మొదలు. అందులో వెలుతురు లేదు, కిటికీ లేదు, నిశ్శబ్దం లేదు. నాలుగు ముక్కల్లో అయిపోయింది. చేతిసంచి ఒళ్ళోకి తీసుకున్నాను, లేచి వెళ్ళిపోదామనే. రైలుకు వేళవుతోంది కూడా. లోపల ఆ అన్న ఇంకా ఏదో అడుగుతున్నాడు, తస్లీమ్ "ఆగు, ఆవిడనే అడుగుతా" అంటోంది. నేను సంచి మళ్ళీ కింద పెట్టి, ఆమె వచ్చి అడిగేదాకా కూర్చున్నాను.